ఆటిజం ఉన్న 14 ఏళ్ళ అబ్బాయి మోకాళ్ళ నొప్పులు: ఈ ఐదు డబ్బాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

#1 గోదారిగట్టు
బాబుకి 14. ఆటిజం, మాటలు తక్కువ. కీళ్ళు బాగా వదులు, వేళ్ళు వెనక్కి విల్లులా వంచేస్తాడు. ఆరేడు వారాలుగా మెట్లెక్కనంటున్నాడు, సాయంత్రమయ్యేసరికి మోకాళ్ళ మీద గుద్దుకుంటున్నాడు. ఫిట్స్‌కి కార్బమజెపిన్ రెండేళ్ళుగా నడుస్తోంది. ఇంట్లో ఇప్పుడున్నవి: గ్లూకోసమైన్ 1500 మి.గ్రా. రోజుకొకటి, కొల్లాజెన్ పౌడర్ 10 గ్రాములు, కాడ్ లివర్ ఆయిల్ రెండు చెంచాలు, విటమిన్ డి3 60,000 యూనిట్ల సాషే, పైపరిన్ కలిపిన కర్క్యుమిన్ (పసుపు సారం) 500 మి.గ్రా. ఒక్కో డబ్బా ఒక్కొక్కరు చెప్పింది. కీళ్ళకి నిజంగా పనికొచ్చేది ఏది? అన్నీ కలిపి ఇవ్వచ్చా?

#2 మందులషాపు_మావయ్య
ముందు ఐదో డబ్బా పక్కన పెట్టండి, మిగతావి తర్వాత. పైపరిన్ అంటే మిరియాల ఘాటు. కర్క్యుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు కాబట్టి పట్టించడానికి దాన్ని కలుపుతారు. అది కర్క్యుమిన్‌తో ఆగదు, మిగతా మందుల్ని విరిచే లివర్ పనిని కూడా నెమ్మదిపరుస్తుంది. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ (ఇంకో ఫిట్స్ మందు) రెండిటి మోతాదూ రక్తంలో పెరుగుతుంది. పెరిగితే ఏమవుతుంది? తూలడం, మత్తు, వస్తువులు రెండుగా కనపడటం. మాటలు తక్కువున్న పిల్లాడు "రెండుగా కనపడుతోంది" అని చెప్పడు, మెట్లెక్కడం మానేస్తాడు. మీరు మోకాళ్ళనుకుంటారు.

ఒక జాగ్రత్త. ఆ డబ్బా ఆపాక రక్తంలో ఫిట్స్ మందు మోతాదు మళ్ళీ కిందికి దిగొచ్చు. ఆపే రోజే ఫిట్స్ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. కార్బమజెపిన్ మాత్రం మీ అంతట మీరు ముట్టుకోవద్దు.

#3 పప్పుచారు
అయితే మిరియాల చారు కూడా బందా? ఈ వేదికలో నా పేరే ప్రమాదంలో పడింది.

#4 మందులషాపు_మావయ్య
చారు తాగండి. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు అటూ ఇటూ. పావు చెంచా పసుపుకి 20 మి.గ్రా. వస్తే ఎక్కువ. వంట పసుపుకీ ఆ మాత్రకీ పోలిక లేదు. పసుపు మందే కదా అని మాత్ర మీద మాత్ర వేసి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని ఇలా మిరియం కలిపినవే.

#5 డైటు_డెస్కు
డబ్బాల సంగతి సరే, కంచంలో ఏముంది? వారం రోజుల్లో నోట్లోకి వెళ్ళినవన్నీ రాయండి. "మామూలుగానే తింటాడు" అనకండి, పేర్లు కావాలి. ఆ సాషే రోజుకా, వారానికా, ఎన్నాళ్ళ నుంచి?

#6 గోదారిగట్టు
తెల్లన్నంలో నెయ్యి, ఉప్పు. ఒకే రకం మారీ బిస్కెట్లు. ఒకే కంపెనీ నూడుల్స్, మసాలా లేకుండా. ఉడికించిన గుడ్డులో తెల్లసొన. అంతే. కూర, పండు, పులుపు ఏదీ ముట్టడు. పాలూ పెరుగూ అయిదు నెలల కిందట మాన్పించాం, ఆటిజంకి పాలు మంచివి కావని ఒకరు చెప్తే. సాషే వారానికొకటి, నాలుగు నెలలైంది.

#7 డైటు_డెస్కు
ఇదీ అసలు పోస్టు. ఈ కంచంలో విటమిన్ సి దాదాపు సున్నా. అన్నంలో లేదు, బిస్కెట్లో లేదు, తెల్లసొనలో లేదు. బంగాళాదుంప తినే పిల్లలకి దాంట్లోంచి కొద్దో గొప్పో అందుతుంది. ఇతనికి ఆ దారీ లేదు.

సి అసలు అందకపోతే ఒకటి నుంచి మూడు నెలల్లో స్కర్వీ మొదలవుతుంది. పిల్లల్లో అది చిగుళ్ళతో మొదలవ్వాలని లేదు, చాలాసార్లు కాళ్ళతో మొదలవుతుంది. ఎముక మీది పొర కింద రక్తం చిమ్ముతుంది, అందుకే నొప్పి. నడవనంటారు, కుంటుతారు, కాళ్ళు ముట్టుకోనివ్వరు. ఒక రకం తిండికే అతుక్కుపోయిన ఆటిస్టిక్ పిల్లల్లో ఇది పదే పదే నమోదైన విషయం. కీళ్ళవాతం అనో, బ్లడ్ క్యాన్సర్ అనుమానంతోనో ఎమ్మారైలు, ఎముక మజ్జ పరీక్షల దాకా వెళ్ళి, చివర్లో ఎవరో "ఏం తింటాడు?" అని అడిగాక తేలిన కేసులు చాలా.

ఇంట్లో చూడాల్సినవి: తొడలూ పిక్కల మీద వెంట్రుక కుదుళ్ళ చుట్టూ ఎర్రటి చుక్కలు, స్ప్రింగులా మెలితిరిగిన వెంట్రుకలు, పళ్ళు తోమేటప్పుడు బ్రష్ మీద రక్తం, ఉబ్బిన చిగుళ్ళు, చిన్న దెబ్బకే కమిలిపోవడం.

ఇంకో మాట. కొల్లాజెన్ పౌడరుకి డబ్బు పోస్తున్నారు. ఒంట్లో కొల్లాజెన్ పోగుల్ని పేనాలంటే విటమిన్ సి కావాలి. నూలు కొని తెచ్చి మగ్గం అమ్మేసినట్టుంది.

#8 రెండో_అభిప్రాయం
స్కర్వీనా? అది ఓడల కాలం నాటి జబ్బు కదండీ. ఎండకి తిరగని పిల్లాడు, ఫిట్స్ మందు వాడుతున్నాడు, పాలు లేవు. ఇది డి, కాల్షియం లోపం. అనవసరంగా భయపెట్టకండి.

#9 వదులుకీళ్ళ_ఫిజియో
రెండూ ఉండొచ్చు, ఒకటుంటే ఇంకోటి ఉండకూడదని లేదు. కానీ ఇక్కడ కూర్చుని తేల్చేది కాదిది. ఎప్పటినుంచో కీళ్ళు వదులుగా ఉన్న పిల్లాడు ఆరేడు వారాల్లో ఉన్నట్టుండి మెట్లు మానేస్తే దాన్ని వదులుకీళ్ళ ఖాతాలో రాయకూడదు. ఈ వారంలోనే పిల్లల డాక్టరు చూడాలి. జ్వరం, కీలు వాపు, పొద్దున లేవగానే అరగంటకి మించిన బిగుతు, రాత్రి నొప్పితో నిద్రలేవడం, బరువు తగ్గడం, వీటిలో ఒక్కటున్నా వారం కూడా ఆగొద్దు.

ఎదిగే వయసు నొప్పులైతే రెండు కాళ్ళకీ ఉంటాయి, సాయంత్రం వస్తాయి, పొద్దున్నే మామూలుగా పరిగెడతారు. మెట్లు మానెయ్యరు.

నొప్పి నోటితో చెప్పలేని పిల్లలకి ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఓదార్పు అని ఐదింటికి సున్నా నుంచి రెండు దాకా మార్కులేసే ఫ్లాక్ స్కేలు ఉంది. దాని సవరించిన రూపంలో మీ పిల్లాడికే ప్రత్యేకమైన గుర్తులు చేర్చుకోవచ్చు, ఉదాహరణకి మోకాలు గుద్దుకోవడం. నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం రాసి, మెట్ల దగ్గర ఒక వీడియో తీసి పట్టుకెళ్ళండి. ఆస్పత్రిలో కొత్త చోటు, లైట్లు చూసి బిగుసుకుపోతాడు, అక్కడ డాక్టరుకి ఏమీ కనపడదు.

#10 మందులషాపు_మావయ్య
రక్తపరీక్ష ఒకే గుచ్చుతో అయిపోయేలా అడగండి, ఈ పిల్లలకి రెండోసారి సూది అంటే యుద్ధమే. 25-హైడ్రాక్సీ విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్, బ్లడ్ కౌంట్, ఈఎస్సార్, సీఆర్పీ (ఒంట్లో వాపు తెలిపేవి), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), లివర్, కార్బమజెపిన్ లెవెల్.

కార్బమజెపిన్ లెవెల్‌కి పొద్దుటి మాత్ర వేయకముందే రక్తం తీయాలి. విటమిన్ సి పరీక్ష కూడా ఉంది గానీ గొడవెక్కువ. శాంపిల్‌కి వెలుతురు తగలకూడదు, చల్లగా ఉంచి వెంటనే ల్యాబు యంత్రంలో తిప్పి వేరు చేయాలి, లేకపోతే ఉన్నదీ పోయి తప్పుడు తక్కువ వస్తుంది. నాలుగు రోజులు సి మాత్ర వేశాక తీస్తే తప్పుడు మామూలు వస్తుంది. అందుకే చాలామంది డాక్టర్లు తిండి చరిత్ర, ఎక్స్‌రే చూసి మందు మొదలెట్టేస్తారు.

#11 రెండో_అభిప్రాయం
సరే, సి ఎంత ఇస్తారు? ఉసిరికాయ పచ్చడి చాలదా?

#12 డైటు_డెస్కు
లోపం అనుకున్నప్పుడు పిల్లలకి రోజుకి 100 నుంచి 300 మి.గ్రా. దాకా విడగొట్టి ఇస్తారు, మోతాదు డాక్టరు రాస్తారు. నొప్పి తగ్గడం వారం లోపే తెలుస్తుంది, పూర్తిగా కోలుకోడానికి మూడు నెలలు పట్టొచ్చు. పెద్దవాళ్ళకి రోజుకి 2000, ఈ వయసుకి 1800 మి.గ్రా. దాటితే విరేచనాలు, మూత్రంలో రాళ్ళ భయం. షాపుల్లో దొరికే 500 చప్పరించే మాత్ర పుల్లటి ఆమ్లం, పళ్ళ పింగాణీ తింటుంది. వేశాక నీళ్ళు పుక్కిలించాలి. పుక్కిలించలేకపోతే సిరప్పు అడగండి.

పచ్చడి ఊరేకొద్దీ సి తగ్గిపోతుంది. తాజా ఉసిరి వేరు. అన్నిటికంటే సులువు జామ: 100 గ్రాములకి 200 మి.గ్రా. దాటుతుంది, అంటే రోజువారీ అవసరంలో చాలా భాగం అగ్గిపెట్టె అంత ముక్కతోనే తీరుతుంది. నిమ్మకాయ మనం అనుకున్నంత గొప్పది కాదు, చిన్న కాయ రసమంతా కలిపి 10 మి.గ్రా. అటూ ఇటూ. స్కర్వీ రాకుండా ఆపడానికి ఆ పదే చాలు, చికిత్సకి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ ఇస్తారు. పులిహోరలో పిండితే పొయ్యి కట్టేసి, అన్నం గోరువెచ్చనయ్యాక పిండాలి.

#13 చెవుల్లో_దూది
ఆటిస్టిక్ మనిషిగా ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ నెయ్యన్నంలో ఏదీ దాచి పెట్టకండి. నాలుగు రకాల తిండి ఉంది అతనికి. అన్నంలో పొడి దొరికిందనుకోండి, ఆ రోజు కంచం ఒక్కటే కాదు, అన్నమే పోతుంది. నాలుగు మూడవుతాయి, ఆ మూడూ అనుమానంతో చూస్తాడు. మందు మందులా కనపడాలి: వేరే గిన్నె, ఒకే సమయం, ఒకే చోటు, ముందు బొమ్మ చూపించి "ఇది, తర్వాత బిస్కెట్" అని.

మొదటి మూడు రోజులు ఖాళీ చెంచా. తర్వాత రెండు చుక్కలు. వారం తిరిగేసరికి పావు మోతాదు. రంగు, వాసన, కంపెనీ మార్చొద్దు. మార్చక తప్పకపోతే కొత్త సీసా పాత సీసా పక్కన వారం రోజులు ఊరికే ఉంచండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలెట్టొద్దు, పడకపోతే ఏది పడలేదో తెలీదు.

#14 డైటు_డెస్కు
#13కి దండం. స్కర్వీ చికిత్సకి మాత్రం ఈ నెమ్మది కుదరదు. మోతాదు వెంటనే లోపలికెళ్ళాలి, నోటితో కాకపోతే డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు. నెమ్మది అలవాటు తర్వాతి కాలానికి.

#15 మందులషాపు_మావయ్య
మూడు, నాలుగు డబ్బాల సంగతి. డి3 60,000 వారానికొకటి అంటే మామూలుగా 6 నుంచి 8 వారాలు రాస్తారు, ఆ తర్వాత పరీక్ష చేసి చిన్న మోతాదుకి దించుతారు. మీది 4 నెలలు, అంటే పదహారు పదిహేడు సాషేలు. కార్బమజెపిన్ డిని త్వరగా విరిచేస్తుంది కాబట్టి ఇలాంటివాళ్ళకి రెండు మూడు రెట్లు అవసరం పడుతుంది. అందుకే ఎక్కువైందో ఇంకా చాల్లేదో ఊహించలేం, కొలవాలి. రక్తంలో డి మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల పైన ఉంటే చాలు, 12 లోపు లోపం. 100 దాటితే కంగారు. అప్పుడు కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, పదే పదే మూత్రం వస్తాయి. మన దగ్గర తరచూ జరిగే తప్పేంటంటే చీటీ మీద "వారానికి" అన్నది చదవకుండా రోజూ పోసేయడం. నెలకి 18 లక్షల యూనిట్లు!

సాషే నీళ్ళలో కలిపి పరగడుపున ఇస్తున్నారా? కొవ్వులో కరిగే విటమిన్ అది. నెయ్యన్నం తిన్న వెంటనే ఇవ్వండి.

ఇక కాడ్ లివర్ ఆయిల్. 5 మి.లీ. చెంచాలో విటమిన్ ఎ దాదాపు 1350 మైక్రోగ్రాములు ఉండొచ్చు, సీసా మీద చూడండి. మీరు రెండు పోస్తున్నారు, 2700. పద్నాలుగేళ్ళవాడికి పైపరిమితి 2800. ఎనిమిదేళ్ళ తమ్ముడికి కూడా పోస్తుంటే ఒక్క చెంచాతోనే అతని 900 దాటేస్తుంది. ఎ ఎక్కువైతే ఏమొస్తుందో తెలుసా? ఎముకల నొప్పి, తలనొప్పి, చర్మం పొడిబారడం. కీళ్ళ కోసం వేసింది కీళ్ళనే కొడుతుంది.

#16 పప్పుచారు
ఐదు డబ్బాల్లో రెండు అనుమానితులు, ఒకటి సాక్షి. మిగిలిన రెండూ?

#17 వదులుకీళ్ళ_ఫిజియో
మిగిలిన రెండూ ఉత్త ప్రేక్షకులు. గ్లూకోసమైన్ మీద అమెరికాలో గెయిట్ అని పెద్ద పరిశోధన జరిగింది, 2006లో వచ్చింది, 1583 మంది. గ్లూకోసమైన్ 1500, కాండ్రాయిటిన్ 1200, విడిగా, కలిపి ఇచ్చి 24 వారాలు చూశారు. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రని మించలేదు. వాళ్ళందరూ మోకాలి అరుగుదల ఉన్న పెద్దవాళ్ళు, సగటున 60కి దగ్గర. పద్నాలుగేళ్ళవాడి మోకాలు అరగలేదు, వదులుగా ఉంది. అసలు సమస్యే వేరు.

#18 రెండో_అభిప్రాయం
ఆ పరిశోధనలోనే నొప్పి బాగా ఎక్కువున్న గుంపుకి రెండూ కలిపి ఇస్తే తేడా కనపడింది కదా. పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

#19 వదులుకీళ్ళ_ఫిజియో
కనపడింది, నిజమే. చిన్న ఉపగుంపు అది, దాని మీద తీర్పు చెప్పలేం. చెప్పినా అది అరిగిన మోకాళ్ళ గురించే. రొయ్య, పీత పెంకుల్లోంచి తీస్తారు, ఎలర్జీ ఉన్నవాళ్ళు, శాకాహారులు చూసుకోవాలి. వార్ఫరిన్ వాడే పెద్దలకి రక్తం ఇంకా పలచబడుతుంది.

కొల్లాజెన్ పౌడర్ కడుపులో ముక్కలైపోయి మామూలు ప్రోటీన్‌లా కలిసిపోతుంది. హాని తక్కువ, ఖర్చెక్కువ. ప్రోటీన్‌గా చూసినా ట్రిప్టోఫాన్ లేని అసంపూర్ణ ప్రోటీన్. ఆ పచ్చసొన ఎలాగైనా తినిపించగలిగితే అది నయం.

ఆటిజం ఉన్నవాళ్ళలో కీళ్ళ వదులు మిగతావాళ్ళ కంటే ఎక్కువని స్వీడన్, బ్రిటన్ పరిశోధనలు చూపించాయి. కొలిచే పద్ధతి బైటన్ స్కోరు, మొత్తం తొమ్మిది. చిటికెన వేలు 90 డిగ్రీలు దాటి వెనక్కి, బొటనవేలు ముంజేతికి ఆనడం, మోచేయి, మోకాలు 10 డిగ్రీలు దాటి వెనక్కి వంగడం, ఇవి రెండు వైపులా ఒక్కోటి. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకి ఆనితే ఇంకోటి. యుక్తవయసుకి ముందు 6, ఆ తర్వాత యాభై దాకా 5 వస్తే వదులు అంటారు.

దీనికి మందు డబ్బాలో ఉండదు, కండరంలో ఉంటుంది. స్నాయువు వదులైనచోట కండరం పట్టుకోవాలి. డాక్టరు చూసి సరే అన్నాకే మొదలుపెట్టండి: కుర్చీలోంచి చేతులాన్చకుండా లేచి కూర్చోవడం 5 సార్లు, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం 8 సార్లు, గోడకి వీపు ఆన్చి సగం కూర్చుని 10 సెకన్లు, 3 సార్లు. వారానికి మూడు రోజులు. రెండు వారాలకొకసారి రెండేసి పెంచడం. ఫలితం 8 నుంచి 12 వారాలకి. నిలబడేటప్పుడు మోకాలు వెనక్కి తాళం పడనివ్వకూడదు, కాస్త సడలించి ఉంచాలి. నేల మీద రంగు టేపుతో పాదాల గుర్తు అతికిస్తే మాటల్లో చెప్పే పని ఉండదు.

చెడేది ఎక్కడంటే, మొదటి రోజే ఇరవై చేయించడం. మూడోరోజు కండరాల నొప్పి, ఆ చాప చూస్తేనే పారిపోతాడు.

#20 పప్పుచారు
మెటికలు విరుచుకుంటే కీళ్ళు అరుగుతాయా? అడిగినందుకు తిట్టకండి.

#21 వదులుకీళ్ళ_ఫిజియో
అరగవు. అది కీలు ద్రవంలో గాలి బుడగ చప్పుడు. నొప్పితో పాటు కటుక్కుమంటే చూపించుకోండి.

#22 నల్లగొండ_బోరు
ఎవరూ నీళ్ళ సంగతి అడగలేదు. నల్లగొండ, ప్రకాశం వైపు బోరునీళ్ళు తాగేవాళ్ళయితే ఫ్లోరైడ్ కొలిపించండి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ని మొదట రాసిందే 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాల్షియం, సి తక్కువున్న పిల్లలకి అదే నీళ్ళు ఎక్కువ చెడుపు చేస్తాయి. ఒకటే రకం నీళ్ళు, ఒకటే గ్లాసు అలవాటున్న పిల్లలకి ఈ లెక్క ఇంకా ముఖ్యం.

#23 డల్లాస్_దోసకాయ
ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో బి6, మెగ్నీషియం కలిపిన "ఆటిజం ఫార్ములా" చేతులు మారుతుంటుంది, ఇండియా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లోనూ వెళ్తుంది. బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వేస్తే కాళ్ళ నరాలు దెబ్బతింటాయి, తిమ్మిరి, పాదం ఎక్కడ పడుతోందో తెలియకపోవడం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్ళకే రోజుకి 12 మి.గ్రా. పైపరిమితి పెట్టింది. ఈ సీసాల్లో ఒక్కో మాత్రకి 50, 100 ఉంటాయి. వదులుకీళ్ళవాళ్ళకి అసలే అడుగు అంచనా తక్కువ.

చేపనూనె కొనేవాళ్ళు ముందువైపు 1000 అని చూసి మోసపోవద్దు. వెనక ఈపీఏ 180, డీహెచ్ఏ 120 (రెండూ ఒమేగా-3 కొవ్వులు) అని ఉంటుంది, పనిచేసేది ఆ 300 మాత్రమే. అది కూడా కీళ్ళవాతం వాపుకి గ్రాముల్లో వాడేది, వదులుకి కాదు.

#24 గోదారిగట్టు
చుక్కలున్నాయి. #7 చదివి ఇప్పుడే పిక్కలు చూశాను. వెంట్రుకల చుట్టూ ఎర్రగా, దోమలనుకున్నాం. రేపు పొద్దున్న పిల్లల డాక్టరు దగ్గరికి. మిరియం మాత్ర, నూనె, గ్లూకోసమైన్, కొల్లాజెన్ ఆపేశాను. ఫిట్స్ డాక్టరుకి మెసేజ్ పెట్టాను. ఈ వారం సాషే ఇవ్వాలా? పాలు మళ్ళీ మొదలెట్టచ్చా?

#25 డైటు_డెస్కు
సాషే, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆపండి, వారంతో ఏమీ మునిగిపోదు. డి ఒంట్లో వారాల తరబడి నిలవుంటుంది.

పాలకి ఎలర్జీ ఉందని ఎవరూ నిర్ధారించలేదు కదా? అయితే మొదలెట్టండి, ఇంతకుముందు తాగిన గ్లాసులోనే, అదే వేడితో. ఈ వయసుకి రోజుకి 1000 మి.గ్రా. కాల్షియం పైనే కావాలి, పాలు లీటరుకి దాదాపు 1200 ఇస్తాయి. పాలు వద్దంటే రాగి ఉంది, 100 గ్రాముల పిండికి 360 పైన. కానీ గోధుమరంగు, గరుకు. తెల్లటి తిండే తినేవాడికి చిమ్మిలుండ, సంకటి ఇప్పుడే చూపించకండి. మాత్రే రాస్తే "1250 కాల్షియం కార్బనేట్" అంటే అసలు కాల్షియం 500. అన్నంతోనే వేయాలి, ఒక్కసారికి 500 మించి ఒంటపట్టదు. ఐరన్ రాస్తే దానికీ దీనికీ రెండు గంటల ఎడం.

#26 చెవుల్లో_దూది
ఆస్పత్రికి ఆ మారీ బిస్కెట్ ప్యాకెట్, చెవులకి ఏదైనా అడ్డం తీసుకెళ్ళండి. సూది ముందు చెయ్యి మొద్దుబార్చే క్రీము అడగండి, గుచ్చడానికి గంట ముందు రాయాలి. వెళ్ళగానే రాసేస్తే వెయిటింగ్‌లోనే ఆ గంట గడిచిపోతుంది.

#27 మందులషాపు_మావయ్య
డబ్బాలు పారేయకండి, ఐదూ సంచిలో వేసుకెళ్ళండి. పేర్లు చెప్తే డాక్టరుకి మోతాదు తెలీదు, వెనక అట్ట చూపించాలి. సాషే ఖాళీ కవర్లుంటే అవీ.